కొత్త తొట్టి - పచ్చి నీళ్ళు

విద్యార్థి సంఘం వారు ఈ సంవత్సరం సంచికకు ఏదైనా రాసిమ్మని అడుగుతూ, "పాత జ్ఞాపకాలు కాకుండా నలుగురికీ పనికొచ్చే విషయం రాయండి సార్" అని ముందే షరతు పెట్టారు. ఉద్యోగ విరమణ చేసినవాడి చేతికి కలం ఇస్తే ఏం జరుగుతుందో వాళ్ళకు బాగా తెలిసినట్టుంది! సరే, అక్వేరియం గురించి రాస్తానన్నాను. ఈ మధ్య ఏ ఇంటికి వెళ్ళినా ముందుగదిలో ఒక చేపల తొట్టి కనిపిస్తోంది. నెల తిరిగేసరికి అదే తొట్టి ఖాళీగా మేడమెట్ల కింద కనిపిస్తోంది. "మాకు చేపలు అచ్చిరావండీ" అంటారు ఇంటివాళ్ళు. అచ్చిరాకపోవడం అంటూ ఏమీ లేదు. దానికి కారణం ఉంది, ఆ కారణానికి మందు కూడా ఉంది. అది చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అయితే ఈ విషయంలో నాకు తెలిసినదంతా ఒక తప్పు చేసి తెలుసుకున్నదే. కనుక కొంచెం జ్ఞాపకం కలపక తప్పడం లేదు. సంపాదకులు మన్నించాలి.

ఎగ్జిబిషన్ తొట్టి

నలభై ఏళ్ళ కిందటి మాట. నేను జంతుశాస్త్ర విభాగంలో లెక్చరరుగా చేరి రెండో సంవత్సరం. కాలేజీ డేకి సైన్సు ఎగ్జిబిషన్ పెట్టాలన్నారు. మన విభాగం తరఫున ఏం పెడదామని హెడ్డుగారు అడిగితే, "ఫార్మలిన్ సీసాల్లో చచ్చిన చేపల్ని ఎన్నాళ్ళు చూపిస్తాం సార్, ఈసారి బతికున్నవాటిని చూపిద్దాం" అని గొప్పగా అన్నాను.

విద్యార్థులు తలా కాస్త వేసుకుని ఒక గాజు తొట్టి కొనిపించారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. లెక్క కడితే సుమారు 56 లీటర్లు. కడిగిన ఇసుక పరిచి, రంగు రాళ్ళు పేర్చి, కాలేజీ బోరు నీళ్ళతో నింపాం. గాలి కొట్టే చిన్న మోటారు పెట్టాం. ఆ సాయంత్రమే పద్నాలుగు చేపలు వదిలాం. ఆరు గోల్డ్ ఫిష్‌లు, నాలుగు మోలీలు, నాలుగు ఏంజెల్ చేపలు. పిల్లలు కేరింతలు కొట్టారు. నేనూ కొట్టినంత పని చేశాను.

మా లాబ్ అటెండరు మాత్రం గుమ్మం దగ్గర నిలబడి తల గోక్కున్నాడు. ఆయనది కొల్లేటి పక్క ఊరు. అన్నదమ్ములు చేపల చెరువులు చేసేవాళ్ళు.

"ఇవాళే నీళ్ళు పోసి ఇవాళే చేపల్ని వదిలేశారాండీ? నీళ్ళింకా పచ్చిగా ఉన్నాయి సార్. మా వైపు చెరువుకి నీళ్ళు పెట్టాక పది పదిహేను రోజులు ఆగి గాని పిల్ల వదలరండి" అన్నాడు.

"అది చెరువయ్యా, ఇది అక్వేరియం. చూడు, అద్దంలా ఎలా ఉన్నాయో నీళ్ళు!" అన్నాను నేను. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి కదా!

మూడు రోజులు అంతా బాగుంది. నాలుగో రోజు నుంచి చేపలు మేత ముట్టుకోలేదు. నీటి పైకి వచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేయడం మొదలుపెట్టాయి. మొప్పలు ఎర్రగా కందినట్టయ్యాయి. అయిదో రోజు పొద్దున రెండు, సాయంత్రం మూడు. ఎగ్జిబిషన్ ప్రారంభించడానికి పెద్దలు వచ్చేనాటికి తొట్టిలో ఒకే ఒక మోలీ పక్కకి ఒరిగి ఈదుతోంది. తొట్టి మీద గుడ్డ కప్పేశాం.

హెడ్డుగారు కారణం అడిగారు. మేత వేసే పని అటెండరుది. "మేత ఎక్కువ వేసి ఉంటాడు సార్" అన్నాను. ఆ మాటనే కాగితం మీద కూడా రాసిచ్చాను. దాని మీద ఆయనకు మెమో వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. మెమో తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రెండోసారి

నెల తర్వాత పట్టుదలగా మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి తొట్టిని, ఇసుకను, రాళ్ళను బ్లీచింగ్ పౌడరుతో కడిగించాను. కొత్త నీళ్ళు పట్టించాను. కొత్త చేపలు పదో పన్నెండో తెప్పించాను. మేత పని ఎవరికీ ఇవ్వకుండా నేనే చూసుకున్నాను. చిటికెడు తూకం వేసి మరీ వేసేవాణ్ణి. అటెండరుని తొట్టి దగ్గరికి రానివ్వలేదు.

ఆరో రోజుకి మళ్ళీ అదే వరస. అవే గుటకలు, అవే కందిన మొప్పలు, అవే చావులు.

ఇక నాకు దాక్కునే చోటు లేకపోయింది. ఒక సీసాలో తొట్టి నీళ్ళు పట్టుకుని కెమిస్ట్రీ విభాగంలో ఉన్న మిత్రుడి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒక పరీక్షనాళికలో మామూలు బోరు నీళ్ళు, ఇంకో దాంట్లో మా తొట్టి నీళ్ళు పోసి రెండింటిలోనూ నెస్లర్ కారకం చుక్కలు వేశాడు. బోరు నీళ్ళకు రంగు రాలేదు. మా తొట్టి నీళ్ళు తేనెరంగుకి తిరిగి, చూస్తూండగానే ముదురు గోధుమరంగయ్యాయి.

"ఇందులో అమ్మోనియా ఉందయ్యా, అదీ తక్కువేం కాదు. చేపల్ని పెంచుతున్నావా, ఎరువు తయారుచేస్తున్నావా?" అన్నాడు.

ఆ మధ్యాహ్నం నాకు బీయస్సీ రెండో సంవత్సరం వాళ్ళకు ఇకాలజీ క్లాసు ఉంది. పాఠం ఏమిటో తెలుసునా? నత్రజని వలయం! అమ్మోనియా, అక్కడి నుంచి నైట్రైటు, అక్కడి నుంచి నైట్రేటు అని బాణాలు గీస్తూ గీస్తూ సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏటేటా బోర్డు మీద గీస్తున్న వలయం నా కళ్ళెదుట ఉన్న గాజు తొట్టిలో నాకు కనపడలేదు. చెరువు గట్టు మీద పెరిగిన మనిషికి కనపడింది.

తొట్టిలో ఏం జరుగుతుంది?

ఒకే గదిలో వంట, పడక, స్నానం, మరుగుదొడ్డి అన్నీ పెట్టి, తలుపులు కిటికీలు మూసేసి పదిమందిని కూర్చోబెడితే ఎలా ఉంటుందో ఊహించండి. చేపకు తొట్టి అంటే అదే. ఏటిలో అయితే విసర్జించినది నీటితోబాటు కొట్టుకుపోతుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది?

మనం శరీరంలోని నత్రజని వ్యర్థాన్ని యూరియాగా మార్చి మూత్రంతో పంపిస్తాం. చేపకు అంత శ్రమ లేదు. చాలామటుకు అమ్మోనియాగానే, అదీ ముఖ్యంగా మొప్పల ద్వారా, నేరుగా నీటిలోకి వదిలేస్తుంది. అంటే ఏ చేపా మేత తిని అమ్మోనియా విడవకుండా ఉండలేదు. దానికితోడు తినగా మిగిలిన మేత, రాలిన ఆకు, చచ్చిన నత్త - ఏది కుళ్ళినా అమ్మోనియాయే.

ఈ అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం అయాను. దీనివల్ల హాని తక్కువ. రెండోది స్వేచ్ఛా అమ్మోనియా. మొప్పల్ని కాల్చేది, చేపను చంపేది ఇదే. ఏది ఎంత ఉంటుందనేది నీటి పి.హెచ్. మీద, వేడి మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర పి.హెచ్. 7 అయితే మొత్తంలో సుమారు అరశాతం మాత్రమే విషరూపంలో ఉంటుంది. పి.హెచ్. 8 అయితే అది సుమారు 5 శాతం. 9 అయితే మూడో వంతు దాటుతుంది. మన ఊళ్ళలో చాలా బోర్ల నీళ్ళు ఉప్పు నీళ్ళు, పి.హెచ్. ఎక్కువ. పైగా మన ఎండలు. అంటే అమ్మోనియా అంతే ఉన్నా, మన తొట్టిలో అది చేసే చెరుపు ఎక్కువ. కాలేజీ బోరు నీళ్ళు అద్దంలా ఉన్నాయని నేను మురిసిపోయాను. అమ్మోనియాకు రంగు లేదు కదా! తేటగా ఉన్న నీళ్ళు మంచి నీళ్ళని అనుకోవడమే మొదటి పొరపాటు.

కంటికి కనపడని పనివాళ్ళు

మరి చెరువులో, పాత తొట్టిలో చేపలు ఎలా బతుకుతున్నాయి? అక్కడ ఇసుక రేణువుల మీద, రాళ్ళ మీద, మొక్కల కాడల మీద, ఫిల్టరు స్పాంజి రంధ్రాల్లో కోట్లాది సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. వాటిలో ఒక జట్టు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. రెండో జట్టు నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు కూడా మరీ పేరుకుపోతే మంచిది కాదు కాని, మొదటి రెండింటితో పోలిస్తే అది సాధువు. మొక్కలు కొంత తీసుకుంటాయి, మిగిలినది నీళ్ళు మార్చినప్పుడు పోతుంది.

మధ్యలో వచ్చే నైట్రైటును మాత్రం తక్కువ అంచనా వేయకూడదు. అది మొప్పల ద్వారా రక్తంలో చేరి హీమోగ్లోబిన్‌ను మెట్‌హీమోగ్లోబిన్‌గా మార్చేస్తుంది. అప్పుడు రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు. రక్తం చాక్లెట్ రంగుకి తిరుగుతుంది. నీటిలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా చేప ఊపిరాడక గిలగిల్లాడుతుంది.

ఈ పని జీవులే చేస్తాయన్నది ఫ్రాన్సులో ష్లోజింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1877లో నిరూపించారు. ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంలోంచి మురుగునీటిని మెల్లగా పంపించారు. మొదటి ఇరవై రోజులు ఏ మార్పూ లేదు. అమ్మోనియా లోపలికి ఎలా వెళ్ళిందో అలాగే బయటికి వచ్చింది. ఆ తర్వాత నైట్రేటు రావడం మొదలైంది. కేవలం రసాయన చర్యే అయితే ఇరవై రోజులు ఆగాల్సిన పని లేదు కదా! అప్పుడు గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపించారు. మార్పు ఆగిపోయింది. క్లోరోఫాంను తొలగించి, కాస్త మట్టి కలిపిన నీళ్ళు పోశారు. మార్పు మళ్ళీ మొదలైంది. కొత్త తొట్టి కథ అంతా ఈ ఒక్క ప్రయోగంలో ఉంది. మొదట్లో ఆ ఇరవై రోజుల ఆలస్యం ఉంది. మందు పడితే పని ఆగడం ఉంది. పాత మట్టి చేరితే కోలుకోవడమూ ఉంది. నేను రెండోసారి బ్లీచింగ్ పౌడరుతో చేసింది, వాళ్ళు క్లోరోఫాంతో చేసింది ఒకటే!

తర్వాత పదమూడేళ్ళకు, 1890 ప్రాంతంలో, వినోగ్రాడ్‌స్కీ ఈ బాక్టీరియాను విడదీసి చూపించాడు. మేము చదువుకున్న రోజుల్లో నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ అని రెండు పేర్లు వల్లెవేసేవాళ్ళం. ఇప్పుడు ఆ పాఠం చాలా పెరిగింది. మంచినీటి అక్వేరియాల్లో రెండో మెట్టు పని ఎక్కువగా నైట్రోస్పైరా చేస్తుందని 1998లో తేలింది. అమ్మోనియాను మార్చే ఆర్కియా జాతి సూక్ష్మజీవిని మొట్టమొదట 2005లో అమెరికాలోని సియాటిల్ నగరంలో ఒక అక్వేరియం గులకరాళ్ళ నుంచే వేరుచేశారు. రెండు మెట్లూ ఒక్కటే ఎక్కగల నైట్రోస్పైరాలు కూడా ఉన్నాయని 2015లో కనుక్కున్నారు. పేర్లు మారాయి గాని, సంగతి మారలేదు. ఈ జీవులు పెరగడం చాలా నిదానం. పాలను పెరుగు చేసే బాక్టీరియాలాగా రాత్రికి రాత్రే తోడుకోవు. రెట్టింపు కావడానికే వాటికి ఎన్నో గంటలు, ఒక్కోసారి ఒక రోజు పైనే పడుతుంది. అందుకే కొత్త తొట్టి కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి.

అటెండరు "నీళ్ళు పచ్చిగా ఉన్నాయి" అన్నది దీన్నే. చెరువులో నీళ్ళు పెట్టి, సున్నం చల్లి, పేడ వేసి ఆగడం ముఖ్యంగా పిల్లలకు మేత కోసం, నీటిలో ప్లవకాలు పుట్టడం కోసమే, నిజమే. కాని నీటిలో మొదట ప్రాణం పుట్టాలి, తర్వాతే చేప రావాలి అన్న సూత్రం రెండు చోట్లా ఒకటే.

ఇంకొక లెక్క. అక్వేరియం పెంపకానికి ఆద్యుల్లో ఒకడైన రాబర్ట్ వారింగ్టన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రజ్ఞుడు 1850లో తన ప్రయోగాన్ని ప్రకటించాడు. పన్నెండు గాలన్లు పట్టే గాజు పాత్రలో వాలిస్నేరియా మొక్క నాటాడు. కుళ్ళిన ఆకులు తినడానికి నత్తల్ని వేశాడు. చేపలు ఎన్ని వేశాడనుకున్నారు? రెండే రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లు. పన్నెండు గాలన్లంటే సుమారు 54 లీటర్లు. ఇంచుమించు మా తొట్టి అంతే. అందులో మేము వేసినవి పద్నాలుగు!

మూడోసారి

మూడోసారి నేను అటెండరుని పిలిచి, "ఈసారి మీరు చెప్పండి, ఎలా చేద్దాం?" అని అడిగాను. ఆయన కాసేపు నా మొహం చూశాడు. తర్వాత బోటనీ వాళ్ళ తోటలోకి వెళ్ళాడు. అక్కడ ఏళ్ళ తరబడి తామరలు పెంచుతున్న సిమెంటు తొట్టి ఉంది. దోమలకని అందులో గప్పీ చేపలు వేసి ఉండేవి. అడుగున ఉన్న ఇసుక, గులకరాళ్ళు ఒక బేసినులో తీసుకొచ్చి మా తొట్టిలో పరిచాడు. హైడ్రిల్లా కాడలు కొన్ని నాటాడు. మీరంతా గరాటు బోర్లించి బుడగలు లెక్కపెట్టే హైడ్రిల్లాయే!

చేపలు లేవు. రోజూ చిటికెడు మేత మాత్రం నీటిలో వేశాం, అది కుళ్ళి అమ్మోనియా ఇవ్వడానికి. రోజు విడిచి రోజు నీళ్ళు పరీక్ష చేసి విద్యార్థులు ఒక నోటుబుక్కులో రాశారు. మొదటి వారం నెస్లర్ పరీక్షలో గోధుమరంగు పెరుగుతూ పోయింది. రెండో వారంలో తగ్గుముఖం పట్టింది, కాని నైట్రైటు పరీక్షలో గులాబీరంగు రావడం మొదలైంది. మూడో వారమంతా ఆ గులాబీరంగే. నాలుగో వారం చివర ఒక రోజు పొద్దున రెండు నాళికలూ తెల్లగా నిలిచాయి. బోర్డు మీది బాణాలు తొట్టిలో నడిచి చూపించాయి. నా ఉద్యోగంలో అంతకన్నా మంచి ప్రాక్టికల్ క్లాసు నేను చెప్పలేదు, నిజానికి అదీ నేను చెప్పింది కాదు.

అప్పుడు రెండు మోలీలు వేశాం. పది రోజులకు ఇంకో రెండు. అవి బతికాయి, పిల్లలు కూడా పెట్టాయి.

మీరు తొట్టి పెట్టదలిస్తే

ఇక పనికొచ్చే మాటలు వరసగా చెబుతాను.

మొదటిది, చోటు. రెండడుగుల తొట్టిలో నీళ్ళ బరువే 56 కిలోలు. ఇసుక, గాజు అదనం. బల్ల గట్టిదై ఉండాలి. నేరుగా ఎండ పడకూడదు. పడితే నీళ్ళు వేడెక్కుతాయి, నాచు కమ్ముకుంటుంది. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మాత్రమే. మన మే నెలలో గాలి మోటారు ఆపకూడదనేది ఇందుకే. గుండ్రటి గాజు గిన్నెలో గోల్డ్ ఫిష్‌ను పెట్టడం అందానికే గాని, చేపకు అది శిక్ష.

రెండోది, నీళ్ళు. మునిసిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అది చేప మొప్పలకూ హాని, మనం పెంచుకునే బాక్టీరియాకూ హాని. వెడల్పాటి పాత్రలో పట్టి ఒక రోజంతా గాలి కొట్టిస్తే క్లోరిన్ పోతుంది. తొందరైతే సోడియం థయోసల్ఫేటు, అంటే ఫోటోగ్రాఫర్లు వాడిన హైపో, దాన్ని విరిచేస్తుంది. చేపల దుకాణాల్లో దొరికే క్లోరిన్ విరుగుడు మందుల్లో చాలావాటిలో ఉండేది అదే. తొట్టిని, ఇసుకను సబ్బుతో ఎన్నడూ కడగవద్దు.

మూడోది, ఓపిక. నీళ్ళు పోసి, ఫిల్టరు నడిపిస్తూ, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేయండి. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి ఎవరిదైనా ఉంటే వాళ్ళ ఫిల్టరు స్పాంజి ముక్కో, గుప్పెడు గులకరాళ్ళో అడిగి తెచ్చుకోండి, తడి ఆరకుండా. పెరుగుకి తోడు అడిగినట్టే, ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. అమ్మోనియా, నైట్రైటు చూసే పరీక్ష కిట్లు ఇప్పుడు దుకాణాల్లో దొరుకుతున్నాయి. కెమిస్ట్రీ వాళ్ళ నెస్లర్ కారకంలో పాదరసం ఉంటుంది కనుక దాన్ని ఇంటికి తెచ్చుకోవద్దు. ముందు అమ్మోనియా, తర్వాత నైట్రైటు వచ్చి రెండూ సున్నాకి దిగేదాకా ఆగండి.

నాలుగోది, చేపలు. ఒకేసారి నింపేయకండి. రెండు మూడు గట్టి చేపలతో మొదలుపెట్టి, వారం పది రోజులకోసారి కొన్ని కలపండి. బాక్టీరియా సంఖ్య మేతను బట్టి పెరుగుతుంది. రెండు చేపలకు సరిపోయే పటాలం పద్నాలుగు చేపలకు చాలదు. తెచ్చిన సంచిని పావుగంటసేపు తొట్టి నీళ్ళపై తేలనిచ్చి, కొంచెం కొంచెంగా తొట్టి నీళ్ళు అందులో కలిపి, అప్పుడు వదలండి.

అయిదోది, మేత. రెండు నిమిషాల్లో తినేసేంతే, రోజుకు ఒకసారి చాలు. "అయ్యో, ఆకలేస్తుందేమో" అని అమ్మమ్మలు, పిల్లలు విడివిడిగా వేసే మేతే చాలా తొట్ల కొంప ముంచుతుంది. ఒక రోజు మేత మానేస్తే చేపకు ఏమీ కాదు.

ఆరోది, శుభ్రం. వారానికి పావు వంతు నీళ్ళు మార్చండి. మొత్తం నీళ్ళు పారబోసి తళతళలాడేట్టు తోమడం శుభ్రం కాదు, అది తొట్టిని మళ్ళీ మొదటి రోజుకి తీసుకుపోవడం. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కాకుండా, తొట్టిలోంచి తీసిన నీళ్ళ బకెట్టులోనే పిండండి.

ఏడోది, కరెంటు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి సుమారు నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్ కావాలి. అంటే మన పనివాళ్ళు కూడా చేపలతో సమానంగా ఊపిరి పీలుస్తారు. ఎక్కువసేపు కరెంటు పోయిన రోజు మేత వేయకండి. లోటాతో నీళ్ళు తీసి పైనుంచి పోస్తూ కాస్త గాలి కలపండి.

ఇప్పటికే చేపలు వేసేశాం, గుటకలు వేస్తున్నాయి, ఏం చేయాలి అంటారా? వెంటనే మేత ఆపండి. క్లోరిన్ పోయిన, అంతే వేడి ఉన్న నీటితో మూడో వంతు మార్చండి, పరీక్షలో తగ్గేదాకా రోజూ మార్చండి. గాలి బాగా కొట్టించండి. నైట్రైటు ఉంటే పది లీటర్లకు ఒక గ్రాము చొప్పున మామూలు ఉప్పు కరిగించి కలపండి. ఉప్పులోని క్లోరైడు మొప్పల దగ్గర నైట్రైటుకి అడ్డం పడుతుంది. జబ్బేమో అనుకుని దొరికిన మందల్లా పోయకండి. మెథిలిన్ బ్లూ వంటివి, యాంటీబయాటిక్కులు మనం ప్రాణంగా పెంచుకుంటున్న బాక్టీరియానే దెబ్బతీస్తాయి. కొత్త తొట్టిలో మొదటి నెల చచ్చే చేపల్లో చాలావాటికి జబ్బు ఉండదు, నీళ్ళకే ఉంటుంది.

చివరిగా

ఆ నోటుబుక్కు పట్టుకుని నేను హెడ్డుగారి దగ్గరికి వెళ్ళాను. ముందు రాసిచ్చిన కాగితంలో నేను చెప్పిన కారణం తప్పని, రెండోసారి మేత వేసింది నేనేనని, అప్పుడూ చేపలు చచ్చాయని, అంకెలతో సహా ఇంకో కాగితం రాసిచ్చాను. మెమో రద్దు చేశారు. అటెండరుకి స్వయంగా చెప్పి, మన్నించమన్నాను.

"పోనీలెండి సార్, చేపలు నిలిచినాయి కదా" అన్నాడు. ఆ తర్వాత ఒక క్షణం ఆగి, "కాకపోతే ఆ మెమో మా ఆవిడ చదివించుకుందండి" అన్నాడు. దానికి నా దగ్గర ఇవాళ్టికీ జవాబు లేదు.

ఆయన రిటైరయ్యేదాకా ఆ తొట్టి బాధ్యత ఆయనదే. ఏటా కొత్త బ్యాచికి నత్రజని వలయం పాఠం చెప్పే రోజున నేను క్లాసును ఆ తొట్టి దగ్గరికే తీసుకువెళ్ళేవాణ్ణి. పక్కన ఆయన్ని నిలబెట్టి, నీళ్ళు పచ్చిగా ఉండడం అంటే ఏమిటో ఆయన నోటితోనే చెప్పించేవాణ్ణి.

మీ ఇంట్లో తొట్టి పెట్టండి. మీ విభాగంలోనూ పెట్టండి. నాలుగు వారాలు ఖాళీ నీళ్ళను చూస్తూ కూర్చోవడం కష్టమే, చూడవచ్చినవాళ్ళు నవ్వుతారు కూడా. నవ్వనివ్వండి. అప్పటికీ ఎప్పుడైనా చేప చచ్చిపోతే, మేత వేసినవాళ్ళు ఎవరని అడగబోయేముందు ఒక పరీక్షనాళికలో నీళ్ళు పట్టి చూడండి.